నీలం గిటార్ మీద మనసు పడింది, కొనవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు, బ్రాడీపేట. నాకు 44 ఏళ్ళు, బ్యాంకులో ఉద్యోగం. పిల్లలిద్దరూ హాస్టళ్ళకు వెళ్ళాక సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. గిటార్ నేర్చుకుందామనిపించింది. మా తోడికోడలి కొడుకు ఇంజనీరింగ్ చదువుతూ కాలేజీ బ్యాండులో వాయిస్తాడు. వాణ్ణి వెంటబెట్టుకుని విజయవాడ వెళ్ళి రెండు షాపులు తిరిగాను. ఒకచోట అంచుల్లో ముదురు నీలం, మధ్యకు వచ్చేసరికి లేత నీలం, అద్దంలా మెరిసే గిటార్ కనిపించింది. 9,500 చెప్పారు. దాని ముందు నుంచి కదలబుద్ధి కాలేదు. మావాడేమో 12,000 పెట్టి మామూలు చెక్క రంగులో, మెరుపు లేని ఇంకోటి తీసుకోమంటాడు. ‘రంగు చూసి ఎవరైనా గిటార్ కొంటారా పెద్దమ్మా’ అని నవ్వాడు. సిగ్గేసి ఏదీ కొనకుండా వచ్చేశాను. రంగు చూసి కొనడం అంత తప్పా? మెరిసేదానికీ మెరవనిదానికీ శబ్దంలో తేడా ఉంటుందా? మన ఎండలకు ఆ నీలం నిలుస్తుందా? దసరాకు కొనాలని ఉంది. పూజలో పెట్టి పసుపు, కుంకుమ పెట్టవచ్చా?
ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: సిగ్గెందుకండీ? గిటార్ షాపులో అడుగుపెట్టిన ఎవరి కళ్ళయినా ముందు రంగు మీదే పడతాయి. ఇరవై ఏళ్ళుగా వాయిస్తున్నవాళ్ళవీ అంతే. కాకపోతే వాళ్ళు ఆ మాట బయటపెట్టరు, ‘టోన్ బాగుంది’ అంటారు. మీవాణ్ణి ఒకసారి అడగండి, బైకు కొనేటప్పుడు రంగు చూశాడా, ఇంజనొక్కటే చూశాడా అని.

విజయవాడలో చాలా ఏళ్ళుగా గిటార్ నేర్పుతున్నాను, చిన్న చిన్న రిపేర్లు కూడా చేస్తాను. నేను గమనించింది ఒకటుంది. చూడాలనిపించే గిటార్ హాల్లో స్టాండు మీద ఉంటుంది. వచ్చేపోయేటప్పుడు ఓ నిమిషం చేతిలోకి తీసుకుంటారు. అంతగా నచ్చనిది బ్యాగులోకి వెళుతుంది, ఆ బ్యాగు అటకెక్కుతుంది. అటకెక్కిన గిటార్ తిరిగి కిందికి దిగడం చాలా అరుదు. మొదటి రెండు మూడు నెలలు ఎడమచేతి వేళ్ళ చివర్లు మండుతాయి, సి కార్డు నుంచి జి కార్డుకు (కార్డు అంటే కొన్ని తీగలు నొక్కి ఒకేసారి పలికించే స్వరాల గుత్తి) మారడానికే ప్రాణం పోతుంది. ఆ రోజుల్లో మిమ్మల్ని దాని దగ్గరికి లాగేది ఏదైనా పనికొచ్చేదే. నీలం రంగు లాగితే లాగనివ్వండి.

అయితే ఒక్కసారి చూస్తే చాలదు. మంగళగిరి చీర కొనేటప్పుడు మీరేం చేస్తారు? ముందు రంగు నచ్చుతుంది. ఆ తర్వాత తిరగేసి చూస్తారు, అంచు చూస్తారు, షాపు లైట్లను నమ్మక గుమ్మం దాకా తీసుకెళ్ళి వెలుతుర్లో చూస్తారు. గిటార్ దగ్గర మాత్రం ఎందుకో అందరూ మొదటి చూపుతోనే ఆగిపోతారు. నేనూ అలాగే ఆగిపోయి మోసపోయాను.

నా మొదటి గిటార్ నల్లది. తెల్లటి అంచుతో, మొహం కనబడేంత మెరుపుతో ఉండేది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన డబ్బు పెట్టి కొన్నాను. షాపు పేరు వద్దులెండి, ఇప్పుడు అది లేదు కూడా. ఆ మే నెలలోనే తీగలు కట్టే బ్రిడ్జి ఒకవైపు పైకి లేచింది. బాగుచేసే ఆయన దాన్ని ఊడదీసి, అతికించే చోట రంగు గీకితే కింద చెక్క బదులు పుట్టీ కనబడింది. చెక్కలో ఉన్న పగులును పుట్టీతో పూడ్చి, మీద నల్లరంగు కొట్టేశారు. మా నాన్న పక్కనే నిలబడి చూస్తున్నారు. ‘మన తలుపుకి కూడా ఇంత పుట్టీ పట్టలేదురా’ అన్నారు. ఆరు స్టీలు తీగలూ కలిసి ఆ బ్రిడ్జిని లాగే బలం దాదాపు 70 కిలోలు. పుట్టీ ఎక్కడ ఆపుతుంది?

అందుకే మీ నీలం గిటార్ గురించి నేను మొదట అడిగేది: రంగు వెనకాల చెక్క గీతలు కనబడుతున్నాయా, లేదా? రంగుల్లో రెండు రకాలున్నాయి. ఒకటి నీళ్ళలో సిరా కలిపినట్టు పలచగా ఉంటుంది, కింద చెక్క చారలు స్పష్టంగా కనిపిస్తాయి. రెండోది గోడకు కొట్టినట్టు ముద్దగా ఉంటుంది, కింద ఏముందో దేవుడికే తెలియాలి. ముద్దరంగు గిటార్లన్నీ చెడ్డవని కాదు. చూడ్డానికి అంత బాగుండని చెక్కను రంగు కిందికి పంపడం పెద్ద కంపెనీల్లోనూ ఉన్నదే, చెక్క అందంగా లేనంత మాత్రాన శబ్దం పోదు. చౌక గిటార్ల దగ్గరే భయం. మీరు చెప్పినట్టు అంచుల్లో ముదురుగా, మధ్యలో లేతగా ఉండేదాన్ని సన్‌బరస్ట్ అంటారు. దాని మధ్యభాగం సాధారణంగా పలచగానే ఉంటుంది కాబట్టి అక్కడ చెక్కను చదవవచ్చు. అంచుల్లో ఏవైనా మచ్చలుంటే ఆ ముదురు రంగు కప్పేస్తుంది, అది మామూలే, ఫరవాలేదు. ఇంకో సంగతి, కొన్ని చౌక రకాల్లో ఆ చెక్క చారలు కూడా అచ్చేసినవే. బాడీ మధ్యలోని గుండ్రటి రంధ్రం అంచు దగ్గర కళ్ళు పెట్టి చూడండి. పైన కనిపించే చార అంచు మందంలోకి కూడా దిగితే అది ఒకే పలక. అంచులో పొరలు పొరలుగా కనబడితే ప్లైవుడ్ లాంటిది. షాపులో దాన్ని ‘ల్యామినేటెడ్’ అంటారు, మొదటి దాన్ని ‘సాలిడ్ టాప్’ అంటారు. ఆ 12,000ల గిటార్‌ను మీవాడు ఎందుకు తీసుకోమన్నాడో నాకు అర్థమైంది, అది సాలిడ్ టాప్ అయ్యుంటుంది.

వాడు చెప్పింది తప్పు కాదు. గిటార్‌లో శబ్దం పుట్టేది ముఖ్యంగా పైపలక నుంచి. అది 3 మిల్లీమీటర్లకు అటూ ఇటూ మందం ఉండే పలచటి చెక్క, ఎక్కువగా స్ప్రూస్ అనే చలిదేశాల చెట్టుది. స్పెయిన్‌లో ఆంటోనియో దె తోరెస్ అనే గొప్ప గిటార్ తయారీదారు 1862లో ఒక గిటార్ చేశాడు. పైపలక మంచి స్ప్రూస్, వెనకా పక్కలా కాగితపు అట్ట. అసలు పని పైపలకదే అని చూపించడానికి అలా చేశాడు. ఆ గిటార్ ఇప్పటికీ బార్సిలోనా సంగీత మ్యూజియంలో ఉంది. మన కాలానికి వస్తే, ఇంగ్లండులో లాంకాస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2018లో ప్రచురించిన పరీక్ష ఒకటుంది. అన్నీ ఒకేలా ఉండి, వెనక, పక్కల చెక్క మాత్రమే మారే ఆరు గిటార్లు చేయించి, 52 మంది గిటారిస్టులకు వెల్డింగ్ కళ్ళద్దాలు పెట్టి వాయించమన్నారు. ఖరీదైన రోజ్‌వుడ్ ఏదో, చవక చెక్క ఏదో కళ్ళు కప్పేస్తే వాళ్ళు నమ్మకంగా చెప్పలేకపోయారు. కాబట్టి షాపతను వెనక భాగం తిప్పి ‘మేడమ్, ఇది రోజ్‌వుడ్’ అంటే చూసి ఆనందించండి, దానికోసం అదనంగా మూడు వేలు మాత్రం పెట్టకండి. రోజ్‌వుడ్ అంటే కొత్తదేమీ కాదు, మన అడవుల్లో ఇరుగుడు చెట్టే.

ఇక మెరుపు సంగతి. పూత చెక్కను తేమ నుంచి, చెమట నుంచి కాపాడుతుంది, దాంతోపాటు కాస్త బరువు కూడా అవుతుంది. పలచగా ఉంటే పలక స్వేచ్ఛగా కదులుతుంది, దట్టంగా ఉంటే దుప్పటి కప్పుకుని పాడినట్టు ఉంటుంది. స్పెయిన్ పద్ధతి గిటార్లలో ఖరీదైనవి కొన్నిటికి ఇప్పటికీ చేత్తో, గుడ్డ ముద్దతో రుద్ది రుద్ది లక్క పూస్తారు. ఏటికొప్పాక బొమ్మలకు మెరుపునిచ్చే లక్కే అది, ఒకే పురుగు నుంచి వచ్చేది. అంత పలచటి పూత ఇంకోటి లేదనే చెప్పాలి, అంత సున్నితమైనదీ లేదు. 1920లలో కార్లకు కొట్టడం మొదలుపెట్టిన నైట్రోసెల్యులోజ్ లాకర్ అనే పూత (క్లుప్తంగా నైట్రో) గిటార్లకూ వచ్చింది, ఖరీదైన అమెరికా గిటార్లలో చాలావాటికి ఇప్పటికీ అదే. మీరు చూసిన ధరలో ఇవేవీ ఉండవు. ఆ ధరలో వచ్చేది పాలియురెథేన్ లేదా పాలిస్టర్. గట్టిది, నీళ్ళు తాగదు, చెమటకు లొంగదు. తొందరగా ఆరుతుంది కాబట్టి ఫ్యాక్టరీకి ఇష్టం. దట్టంగా కొట్టేయడానికీ వీలెక్కువ, చిక్కు అక్కడే. మెరవని మ్యాట్ రకం మామూలుగా పలచగా కొడతారు. అందుకే ఒకే ధరలో రెండు గిటార్లుంటే మ్యాట్‌ది కాస్త గొంతు విప్పి పలికినట్టు అనిపించడం ఉంది. ఇది గట్టి నియమం కాదు. మెరిసేదే బాగా పలికినవి చాలా చూశాను.

మీకు నిజంగా తేడా తెలిసేది చెవికి కాదు, ఎడమ అరచేతికి. మే నెలలో గుంటూరులో సాయంత్రం ఏడింటికి కరెంటు పోయిందనుకోండి. గిటార్ మెడ వెనక భాగం నున్నగా మెరుస్తుంటే చెమటకు బొటనవేలు అంటుకుపోతుంది, కార్డు మారేటప్పుడు చెయ్యి జారదు, ఈడ్చుకెళ్ళాల్సి వస్తుంది. బాడీ ఎంత మెరిసినా మెడ మ్యాట్‌గా ఉన్నది చూసుకోండి. చాలా మోడళ్ళు అలాగే వస్తున్నాయి. మెరిసే బాడీ మీద వేలిముద్రలు, గోటి గీతలు ఇట్టే కనబడతాయి. అయితే పైపైన పడ్డవైతే పాలిష్‌తో పోతాయి. మ్యాట్ మీద వేలిముద్రలు కనబడవు గానీ కుడి మోచెయ్యి ఆనే చోట ఏడాదికల్లా నిగనిగలాడే మచ్చ పడుతుంది. దాన్ని మళ్ళీ మ్యాట్ చెయ్యడం కుదరదు. నాకైతే ఆ మచ్చ ఇష్టం.

ఎండల గురించి మీరడిగింది మంచి ప్రశ్న. రంగు కన్నా ముందు చెక్క గురించి చెప్పాలి. గిటార్‌కు సుఖంగా ఉండే గాలి తేమ 45 నుంచి 55 శాతం. మనకు అలా ఉండే రోజులెన్ని? ఏప్రిల్, మే వడగాలికి చెక్క కుంచించుకుపోతుంది, మెడ పక్కన ఫ్రెట్ల (మెడ మీద అడ్డంగా ఉండే లోహపు పట్టీల) చివర్లు బయటికి పొడుచుకొచ్చి చేతిని గీరుతాయి, ఒక్కోసారి పలక నెర్రె ఇస్తుంది. వానల్లో అదే పలక ఉబ్బి తీగలు పైకి లేస్తాయి, నొక్కడం కష్టమవుతుంది. ఈ ఆటుపోట్లు సాలిడ్ పలకకు ఎక్కువ, పొరలు అతికించిన పలకకు తక్కువ. కాబట్టి మీ నీలం గిటార్ ల్యామినేటెడ్ అయినా ‘అయ్యో’ అనుకోనక్కర్లేదు. నేర్చుకునే మొదటి రెండేళ్ళకు, మన ఊళ్ళ వాతావరణానికి, అది మంచి పనిమంతుడు. సాలిడ్ టాప్ కొంటే దాన్ని పసిపిల్లలా చూసుకోవాలి: బ్యాగులో ఉంచాలి, ఏసీ గాలి నేరుగా తగలనివ్వకూడదు, ఎండలో నిలబెట్టిన కారులో అరగంట కూడా వదలకూడదు. కారులో వదిలే పని ఏ గిటార్‌తోనూ చెయ్యకండి, బంక మెత్తబడి బ్రిడ్జిలు లేచిపోయినవి ప్రతి వేసవిలో నా దగ్గరికి రెండు మూడు వస్తాయి.

రంగుకు వస్తే, కిటికీలోంచి నేరుగా ఎండ పడే చోట పెడితే ఏ రంగైనా వెలిసిపోతుంది. నైట్రో పూత ఏళ్ళు గడిచేకొద్దీ పసుపెక్కుతుంది. నీలం మీద పసుపెక్కితే ఏమవుతుందో చిన్నప్పుడు వాటర్ కలర్స్ వేసినవాళ్ళకు తెలుసు. పాత నీలం గిటార్లు కొన్ని అలా ఆకుపచ్చకు తిరిగిపోయాయి, ఇప్పుడు వాటికే గిరాకీ ఎక్కువ! మీ ధరలో వచ్చే పూతకు ఆ బెడద పెద్దగా ఉండదు. పడమటి కిటికీకి దూరంగా ఉంచండి, చాలు. తుడవడానికి మెత్తటి పాత నూలు పంచె ముక్క చాలు. కొబ్బరినూనె, ఫర్నిచర్ స్ప్రే దగ్గరికి రానివ్వకండి. శానిటైజర్ రాసుకున్న తడిచేత్తో పట్టుకోకండి. కొన్ని దోమల క్రీముల్లో ఉండే డీట్ అనే రసాయనం పూతను మెత్తబరుస్తుంది, అది రాసుకుంటే చేతులు కడుక్కుని వాయించండి.

మళ్ళీ షాపుకు వెళ్ళినప్పుడు మధ్యాహ్నం వెళ్ళండి, రద్దీ ఉండదు, విసుక్కోరు. నీలం గిటార్‌ను ట్యూబులైటు కిందికి తెచ్చి వాలుగా పట్టుకోండి. పైపలకలో ట్యూబులైటు ప్రతిబింబం తిన్నగా కనిపిస్తే పని శుభ్రంగా చేశారు. అలలు అలలుగా ఉంటే పూత దట్టంగానో, గజిబిజిగానో పడింది. మెడ బాడీని కలిసే మూల చూడండి, హడావుడి పనంతా అక్కడే దొరుకుతుంది: రంగు కారిన చుక్కలు, బంక మరకలు, సన్నటి చీలిక. ఫోన్ టార్చి రంధ్రంలోకి వేసి లోపల అతికించిన కర్ర పట్టీలు చూడండి, బయట మెరిసేవాటిలో కొన్నిటి అసలు రంగు లోపలే ఉంటుంది. గుంటూరు నుంచి వచ్చిన బస్సు టికెట్టు పర్సులో ఉంటుంది కదా, దాన్ని బ్రిడ్జి వెనక అంచు కింద దూర్చడానికి ప్రయత్నించండి. దూరిందంటే ఆ గిటార్ మనది కాదు. బ్రిడ్జి వెనక పలక కొద్దిగా ఉబ్బినట్టుంటే భయపడకండి, తీగలు లాగే బరువుకు అంత ఉంటుంది. చిన్న స్కేలు తీసుకెళ్ళి పన్నెండో ఫ్రెట్ దగ్గర లావు తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఎంతుందో కొలవండి. రెండున్నర మిల్లీమీటర్ల దాకా బాగున్నట్టు. 3 దాటితే రంగు ఎంత నచ్చినా మీ వేళ్ళు నెలకే మొరాయిస్తాయి.

వేళ్ళు నొక్కే పలకను పొడి తెల్లగుడ్డతో గట్టిగా ఓసారి రుద్దండి. నలుపు అంటుకుంటే అది ఎబొనీ అనే నల్లచెక్క కాదు, బూట్ పాలిష్‌కు తమ్ముడు. అలాగని ఆ పలక చిక్కటి నలుపుగా లేదని, గోధుమ చారలున్నాయని వద్దనకండి. ఈ నలుపు పిచ్చికి అడవులే బలయ్యాయి. అమెరికాలోని టేలర్ గిటార్ కంపెనీ 2011లో కామెరూన్‌లో ఒక ఎబొనీ మిల్లులో వాటా కొన్నప్పుడు బయటపడింది ఇది: నరికిన పది చెట్లలో ఒక్కటే నిండు నలుపు. చారలున్న మిగతా తొమ్మిదింటినీ కొనేవాళ్ళు లేరని అడవిలోనే పడేసి వచ్చేవాళ్ళు. బయట నుంచి చూస్తే ఏ చెట్టులో ఏముందో తెలియదు, నరికితేనే తెలుస్తుంది. అప్పటినుంచి ఆ కంపెనీ చారలున్న ఎబొనీని కూడా గిటార్లకు వాడుతోంది. మన తునికి చెట్టుకు, అదే బీడీ ఆకు చెట్టుకు, ఆ ఎబొనీ దగ్గరి చుట్టం. తొమ్మిది చెట్ల సంగతి విన్న దగ్గర్నుంచీ నిండు నల్ల పలక చూస్తే నాకు ముచ్చటెయ్యడం మానేసింది.

అందం మీదే ఇంకో మాట. షాపుల్లో ఎక్కువగా వేలాడేది డ్రెడ్‌నాట్ అనే పెద్ద బాడీ. చూడ్డానికి హుందాగా ఉంటుంది, కానీ కాస్త పొట్టిగా ఉన్నవాళ్ళకు కుడి భుజం చెవి దాకా లేస్తుంది. మీ ఎత్తు మీరు రాయలేదు. ఆ గిటార్‌ను గోడ మీద చూసి కాక, కుర్చీలో కూర్చుని ఒళ్ళో పెట్టుకుని పది నిమిషాలు ఉండండి. భుజం నొప్పి పుడితే అదే నీలంలో చిన్న బాడీ ఉందేమో అడగండి, ‘కాన్సర్ట్ సైజు’ అంటే అర్థమవుతుంది.

ఇవన్నీ అయ్యాక చివరిగా మీవాడితో ఒక పని చేయించండి. మీరు గోడవైపు తిరిగి కూర్చోండి. వాడు రెండు గిటార్లూ అదే పాట, అదే పిక్‌తో (తీగలు మీటే చిన్న బిళ్ళతో) మార్చి మార్చి వాయించాలి, ఏది ఏదో చెప్పకూడదు. నాలుగైదుసార్లు విన్నాక ప్రతిసారీ ఒకటే నచ్చి, అది ఆ చెక్క రంగుది అయితే, మీ చెవికి తేడా తెలుస్తున్నట్టే. పన్నెండు వేలు పెట్టి దాన్నే తీసుకోండి, నీలం మోజు తర్వాత తీర్చుకోవచ్చు. తేడా తెలియకపోయినా, నీలమే నచ్చినా, ఇంకేం ఆలోచించకండి. నీలం కొనేసి, మిగిలిన 2,500లోంచి తీసి గిటార్ బాగుచేసే మంచి మనిషితో తీగల ఎత్తు, మెడ వంపు సరిచేయించుకోండి, మంచి తీగలు వేయించుకోండి. అంత సరిచేసిన తొమ్మిదిన్నర వేల గిటార్, ఏమీ చేయించని పన్నెండు వేలదాని కన్నా మీ చేతికి తేలిగ్గా పలుకుతుంది. నెగ్గింది మీరే అయినా మీవాడికి ఐస్‌క్రీమ్ మీరే కొనిపెట్టండి, పెద్దమ్మ కదా.

దసరా పూజకు నిక్షేపంగా పెట్టండి. మెరిసే పూత అయితే చిన్న కుంకుమబొట్టు పెట్టినా సాయంత్రానికి తడిగుడ్డతో తుడిచేస్తే పోతుంది. మ్యాట్ అయితే మాత్రం పసుపు ఆ సన్నటి రంధ్రాల్లోకి దిగి, వచ్చే దసరా దాకా అక్కడే ఉంటుంది. నాదొకటి అలాగే ఉంది. వేళ్ళు నొక్కే పలకకు మామూలుగా పూత ఉండదు కాబట్టి ఏ గిటార్‌కైనా అక్కడ మాత్రం వద్దు. గంధం, అక్షతలు బాడీ మధ్యలోని రంధ్రంలో పడకుండా పైన ఓ జాకెట్టు గుడ్డ కప్పండి. లోపల పడ్డ బియ్యపు గింజలు బయటికి రావాలంటే గిటార్‌ను తలకిందులు చేసి అరగంట ఊపాలి.